పెరటిలో వెల్లుల్లికూర
(మర్కూక్ మండల గ్రామ పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



2020 మే నెలలో మర్కూక్ వద్ద కొండపోచమ్మ సాగర్ లోనికి గోదావరి జలములు చేరినవి. 15 టి.ఎం.సి.ల ఈ జలాశయము కొరకు బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి గ్రామముల వారు ఇండ్లను, పొలములను విడిచి తున్కి బొల్లారము కాలనీకి తరలిపోయిరి. పొలము లేని కుటుంబమునకు ఇంటివెనుక నాలుగు గజముల నేల చిన్న ఆస్తి కాదు. ఆ కొద్ది నేలను గూర్చియే నేడు మేము మీతో ముచ్చటింపదలచితిమి.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఏ ఒక్క ఆకుకూరయు ఈ జబ్బును మాన్పజాలదు. అట్టివారు వైద్యుని చూడవలసినదే. కాని ప్రతిదినము కంచములో ఆకుకూర ఉండుట మంచి ఆహారమునకు మొదటి మెట్టు. తోటకూర, పాలకూర కొన్ని మాసములకే ముదిరిపోవును, మరల విత్తవలెను. ఒకసారి నాటిన ఏండ్ల తరబడి కోతనిచ్చు కూర పెరటిలో ఉన్నచో ఆ లోటు కొంత తీరును.

అట్టిది వెల్లుల్లి వాసనగల ఒక ఉల్లిజాతి మొక్క. విత్తనపు పొట్లములపై దీనిని గార్లిక్ చైవ్స్ అందురు. మణిపూర్ ప్రజలు మరోయ్ నకుప్పి అని పెరళ్లలో పెంచుకొందురు. ఆకు సన్నగా, బల్లపరుపుగా ఉండును. దీనిని మనము వెల్లుల్లికూర అని పిలుచుకొందము.

ఎండ బాగుగా తగిలి, నీరు నిలువని చోటు దీనికి కావలెను. చల్క నేలలో మాగిన పశువుల ఎరువు కలిపి, జానెడు దూరమున పిలకలను నాటవలెను. విత్తనము వేయువారు క్రొత్తదే తేవలెను; ఏడాది దాటినచో మొలకెత్తు శక్తి తగ్గిపోవును. కూరగాయలు కడిగిన నీరు పోసినను సరిపోవును. మేకలు, కోళ్లు రాకుండ కంప కట్టవలెను.

విత్తనపు మొక్కలకు మూడు, నాలుగు మాసములు కత్తి తగులనీయరాదు. పిమ్మట నేలకు రెండు వ్రేళ్ల ఎత్తున మొదలు విడిచి, పదునైన కత్తితో కోయవలెను. వేళ్లతో పెరికిన మొక్క పోవును. మొదలు మిగిల్చినచో నాలుగైదు వారములలో మరల కోతకు వచ్చును. తెల్లని పూలు గింజ కట్టకముందే తుంచవలెను. లేత మొగ్గలును వండుకొనవచ్చును. పప్పులోగాని కోడిగుడ్డులోగాని చివర వేసినచో వాసన చెడదు.

ఒక హెచ్చరిక. వానాకాలమున పూచు లిల్లీ మొక్క ఆకులును ఇట్లే ఉండును, అవి విషము. ఆకు నలిపినప్పుడు వెల్లుల్లి వాసన రానిచో తినరాదు, పంచిపెట్టరాదు.

ఇక మీ కర్తవ్యము. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నర్సరీని గ్రామ పంచాయతీ బాధ్యతగా చేసినది. అందు ఒక మడి వెల్లుల్లికూరకు కేటాయింపుడు. రెండు మూడేండ్లకొకసారి దుబ్బులను త్రవ్వి విడదీసినచో ఒక్కొక్కటి అనేక పిలకలనిచ్చును. వానలు పడగానే, ముందుగా భూమిలేని ఇండ్లకు, పిదప తక్కిన ఇండ్లకు పంచుడు. తీసికొన్న ఇల్లు మరుసారి పొరుగింటికి రెండు పిలకలు ఇచ్చునట్లు ఒప్పందము చేసికొనుడు. ఖర్చు స్వల్పము, శ్రద్ధయే ముఖ్యము.