శనగగింజంత గ్రంథి, వెయ్యికి పైగా పరిశోధన పత్రాలు

(ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



“మావాడు ఎత్తు ఎదగడం లేదు, మంచి టానిక్ రాయండి” అని ఓపీలో తరచుగా అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబుగా ఈరోజు ఒక శాస్త్రవేత్త పని గురించి చెబుతాను. ఆయన పేరు చో హావ్ లీ. 1913లో చైనాలో పుట్టి, 1935లో అమెరికా వెళ్లారు. 1987లో కన్నుమూసే వరకు దాదాపు యాభై ఏళ్లు కాలిఫోర్నియాలో పీయూష గ్రంథి మీదే పరిశోధన చేశారు. మెదడు అడుగున శనగగింజంత ఉండే గ్రంథి అది. బరువు సుమారు అర గ్రాము. పిల్లల ఎదుగుదల హార్మోను అక్కడి నుంచే వస్తుంది.

లీ గారి పేరుతో వెయ్యికి పైగా పత్రాలు అచ్చయ్యాయి. అన్నీ మనకక్కరలేదు. నాలుగైదు చాలు.

1944లో హెర్బర్ట్ ఎవాన్స్‌తో కలిసి పశువుల పీయూష గ్రంథుల నుంచి ఎదుగుదల హార్మోనును వేరుచేశారు. ఎలుకలకు ఇస్తే ఎదిగాయి. పిల్లలకు ఇస్తే మాత్రం ఫలితం లేదు. పశువుల ఇన్సులిన్ మనుషులకు పనిచేసింది కదా, ఇది ఎందుకు పనిచేయదని అందరికీ ఆశ్చర్యం. 1956లో లీ, పాప్‌కాఫ్ మనిషి, కోతి గ్రంథుల నుంచి ఈ హార్మోనును తీసి చూశారు. అది పశువుల హార్మోనుకు భిన్నంగా ఉంది. మనిషి బిడ్డకు మనిషి హార్మోనే కావాలన్నమాట. 1958లో అమెరికాలోనే మారిస్ రేబెన్ అనే వైద్యుడు అలాంటి హార్మోనుతో ఒక మరుగుజ్జు కుర్రవాడు ఎత్తు ఎదిగాడని ప్రచురించారు.

కానీ ఆ గ్రంథులు దొరికేది చనిపోయినవారి దేహాల్లోనే. ఒక్క బిడ్డకు ఏళ్ల తరబడి మందు ఇవ్వాలంటే ఎన్ని గ్రంథులు కావాలో ఊహించండి! అందుకే ఆ హార్మోను నిర్మాణం తెలుసుకుని, బయట తయారు చేయాలని లీ పట్టుబట్టారు. 1966లో అందులో 188 అమైనో ఆమ్లాలు ఉన్నాయని వాటి వరుస ప్రకటించారు. 1970లో దాన్ని కృత్రిమంగా తయారు చేశామని కూడా ప్రకటించారు. 1971లో హ్యూ నయల్ ఆ వరుసలో పొరపాటుందని చూపించారు. సరైన లెక్క 191. అదే ఏడాది లీ తన పత్రాల వరసలో 32వదిగా, “సవరణ” అని పేరులోనే పెట్టి, సరిచేసిన నిర్మాణం అచ్చువేశారు. వెయ్యి పత్రాల్లో నాకు ఎక్కువ గౌరవం కలిగించేది అదే.

(మధ్యలో ఒంటెల పీయూష గ్రంథులు కూడా తెప్పించుకుని పరీక్షించారు! అక్కడ నొప్పిని తగ్గించే బీటా ఎండార్ఫిన్ బయటపడింది. అది 1976 నాటి మాట.)

1985లో ఒక విషాదం బయటపడింది. చిన్నప్పుడు శవాల నుంచి తీసిన హార్మోను వాడిన కొందరు యువకులు మెదడును తినివేసే క్రాయిట్జ్‌ఫెల్ట్ జాకబ్ వ్యాధితో మరణించారు. అమెరికాలో ఆ మందు పంపిణీ ఆపేశారు. అప్పటికే, 1979లో, బ్యాక్టీరియాల చేత మనిషి హార్మోనును తయారు చేయించే పద్ధతి వచ్చింది. 1985లోనే ఆ మందుకు అనుమతి లభించింది. నేడు ఇచ్చేది అలా తయారైన హార్మోనే. దానిలో శవాల గ్రంథుల ప్రసక్తి లేదు.

ఇది ప్రోటీను. మింగితే అన్నంలాగే జీర్ణమైపోతుంది. కనుక చర్మం కింద ఇంజక్షనుగానే ఇవ్వాలి. సాధారణంగా రోజూ రాత్రి ఇస్తారు. వారానికి ఒకసారి ఇచ్చే రకాలూ ఇటీవల వచ్చాయి. ఎత్తు పెంచుతామని ప్రకటనల్లో వచ్చే పొడులలో ఈ హార్మోను పనిచేసే అవకాశమే లేదు. ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పప్పు కొనిపెట్టండి.

పొట్టిగా ఉన్న పిల్లలందరికీ ఈ లోపం ఉండదు. తల్లిదండ్రుల ఎత్తు, పోషణ, రక్తహీనత, థైరాయిడ్, దీర్ఘకాల జబ్బులు ముందు చూస్తాం. హార్మోను లోపం ఉందని తేలితే ఆలస్యం పనికిరాదు. యుక్తవయసు ముగిసేసరికి ఎముకల చివర ఎదిగే భాగం మూసుకుపోతుంది. ఆ తరువాత ఎంత మందు వాడినా ఎత్తు పెరగదు.

కాబట్టి ఆరు నెలలకోసారి బిడ్డను చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి, తలమీద అట్ట పెట్టి గీత గీసి, తేదీ వేయండి. నాలుగేళ్లు దాటిన బిడ్డ ఏడాదికి 5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఎదుగుతుంటే, ఆ కొలతలు కాగితం మీద రాసుకుని పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకురండి. ఆడపిల్ల అయినా సరే, తీసుకురండి.