ఐస్ పెట్టెతో నాచారం దాకా

తెల్లవారుజామున ఐదింటికే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పొయ్యిలు వెలుగుతాయి. జనగామ, వరంగల్, హనుమకొండ బస్సులెక్కేవాళ్లు అక్కడే నిలబడి ఇడ్లీయో పూరీయో తిని, సీసాలో నీళ్లు నింపుకొని బయల్దేరతారు. తిన్నది తేడా చేస్తే ఆ సంగతి ఉప్పల్‌లో తెలియదు. భువనగిరి దాటాక ఒకరికి వాంతి అవుతుంది, హనుమకొండలో ఇల్లు చేరాక ఇంకొకరికి విరేచనాలు పట్టుకుంటాయి. ఇద్దరూ వేర్వేరు డాక్టర్ల దగ్గరికి పోతారు. వంట ఒక జిల్లాలో, జబ్బు మరో జిల్లాలో. ఇన్‌స్పెక్టర్‌గా కొత్తగా శిక్షణలో చేరినవాళ్లకు ఇంతకంటే కఠినమైన బడి దొరకదు.

తినే తిండి, తాగే నీళ్లు, పీల్చే గాలి, ఇంటి ముందు మురుగు, దోమలు, ఇవన్నీ పర్యావరణ ఆరోగ్యం కిందికే వస్తాయి. బ్రిటన్‌లో వీటిలో చాలా పనులను ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ ఆఫీసర్ అనే ఒకే ఉద్యోగి చూస్తాడు. మన దగ్గర అదే పని నాలుగైదు చేతుల్లో ఉంది. హోటళ్లు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌వి, చెత్త, మురుగు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌వి, దోమలు ఎంటమాలజీ సిబ్బందివి, నల్లా నీళ్లు జలమండలివి, ఫ్యాక్టరీ పొగ కాలుష్య నియంత్రణ మండలిది. ఉప్పల్ ఒకప్పుడు సొంతంగా మున్సిపాలిటీ. 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. బోర్డులు మారాయి గానీ నల్లాలో మురికి నీళ్లొస్తే ఎవరి దగ్గరికి పోవాలన్న అయోమయం బస్తీ మనిషికి తీరలేదు. అందుకే శిక్షణలో ఉన్నవాళ్లు తమ శాఖ పనితో పాటు పక్క శాఖ పని కూడా తెలుసుకోవాలి. "అది మాది కాదమ్మా" అని పంపేసే ముందు, మరి ఎవరిదో చెప్పగలగాలి.

వినేవాళ్లలో ఈ కొలువు వైపు చూస్తున్న పిల్లలుంటే వాళ్లకో మాట. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, వ్యవసాయం, పశువైద్యం లాంటి వాటిలో డిగ్రీ ఉండాలి, లేదంటే కెమిస్ట్రీలో పీజీ. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022లో నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఉన్న పోస్టులు 24 మాత్రమే.

ఇక పని సంగతి. కొత్తవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది అడగడం. ఒక పెళ్లిలోనో హాస్టల్లోనో పదిమందికి కడుపు పాడైతే అందరూ ఆఖరిగా తిన్న వంటకం మీదే నేరం మోపుతారు. చాలాసార్లు అది తప్పు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలైతే స్టాఫిలోకోకస్ విడిచిన విషాన్ని అనుమానించాలి. వండి బయట వదిలేసిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ కూడా అంతే తొందరగా వాంతులు పట్టిస్తుంది. సాల్మొనెల్లా అయితే సాధారణంగా పన్నెండు గంటల నుంచి ముప్పై ఆరు గంటలు తీసుకుంటుంది, జ్వరం కూడా వస్తుంది. అంటే ఈ రాత్రి పడకేసినవాడిని రాత్రి భోజనం గురించే కాదు, నిన్న ఏం తిన్నాడో, ఎన్నింటికి తిన్నాడో, వెంట ఎవరున్నారో, వాళ్లకెలా ఉందో కూడా అడగాలి. రింగ్ రోడ్డు దగ్గర తిని బస్సెక్కినవాడి విషయంలో ఈ ప్రశ్నలు తప్ప వేరే దారి లేదు.

2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఒక మహిళ చనిపోయింది. అవే తిన్న మరెంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ వెంటనే అక్టోబరు 30న రాష్ట్ర ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా ఉండే వీలుంది, మయోనీజ్‌ను ఉడికించరు, పైగా బండి మీద గంటల తరబడి ఎండలో పెడతారు. మూడూ ఒకే గిన్నెలో కలిశాయి. ఆ నిషేధం వెనక ఉన్న ఈ లెక్క శిక్షణార్థికి నోటికి రావాలి, ఎందుకంటే పేరు మారిన ఇంకో సాసులో అదే లెక్క మళ్లీ ఎదురవుతుంది.

వంటగదిలోకి అడుగుపెట్టగానే గోడలకేసి చూసేవాళ్లు ఎక్కువ. బూజు, జిడ్డు కంటికి కొడతాయి మరి. అసలు ప్రమాదం ఫ్రిజ్‌లో ఉంటుంది. అయిదు డిగ్రీల నుంచి అరవై డిగ్రీల దాకా క్రిములు హాయిగా పెరిగే వేడి. కాబట్టి జేబులో థర్మామీటరు ఉండాలి. పచ్చి చికెన్ పై అరలో, వండిన కూర కింది అరలో ఉంటే పచ్చి మాంసం నీరు కూరలోకి కారుతుంది. కాగిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. మిర్చి బండి దగ్గరైనా, పెద్ద హోటల్లోనైనా కొలిచేది ఒకే మీటరు. అడిగే తీరు కూడా ముఖ్యమే. "ఎప్పటిదిరా ఇది?" అని గద్దిస్తే వంటవాడు "ఇయ్యాల పొద్దుగాలదే సార్" అంటాడు, అక్కడితో తలుపు మూసుకుపోతుంది. "అన్నా, ఈ చికెన్ ఎక్కడికెళ్లి తెస్తరు, ఎన్నింటికి వస్తది?" అంటే నిజం మెల్లగా బయటపడుతుంది. వంటవాడు కూడా ఆ కూరే తింటాడు, అతనికీ పిల్లలుంటారు.

తనిఖీలో పట్టుకున్నదానికి బలం పంచనామాతోనే వస్తుంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 నాటిది, 2011 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఆఫీసరు శాంపిల్‌ను ఊరికే తీసుకోకూడదు, జనానికి అమ్మే ధర చెల్లించాలి. యజమానికి రాతపూర్వకంగా నోటీసివ్వాలి. సాక్షిని పిలిచి సంతకం తీసుకోవాలి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి ఫుడ్ అనలిస్టుకు, రెండు పై అధికారి అయిన డెజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు పోతాయి. నాలుగోది యజమాని కోరితే గుర్తింపు ఉన్న మరో ల్యాబుకు పంపాలి. ఆ నాలుగో భాగం గురించి దుకాణదారుకు చెప్పడం కొందరికి ఇష్టముండదు. చెప్పాల్సిందే. అది అతని హక్కు. అది దాచి గెలిచిన కేసు పైకోర్టులో నిలబడదు.

పాల శాంపిల్ విరిగిపోకుండా కొలిచి ఫార్మలిన్ వేస్తారు. కానీ అదే పాలలో క్రిములున్నాయా అని చూడాలంటే ఫార్మలిన్ చుక్క కూడా తగలకూడదు, తగిలితే క్రిములు చచ్చిపోయి పాలు నిర్దోషిగా తేలతాయి. స్టెరైల్ చేసిన సీసాలో పట్టి, ఐస్ పెట్టెలో పెట్టి పరుగెత్తాలి. ఎక్కడికి? నాచారానికే. రాష్ట్ర ఆహార ప్రయోగశాల అక్కడే ఉంది. ఆదిలాబాద్‌లో పట్టిన శాంపిల్ వందల కిలోమీటర్లు రావాలి, ఉప్పల్‌లో పట్టింది అరగంటలో చేరుతుంది. ఉప్పల్‌లో శిక్షణ పొందేవాళ్లు ఈ దగ్గరతనానికి అలవాటు పడిపోకూడదు, రేపు పోస్టింగ్ ఏ జిల్లాకో ఎవరికి తెలుసు. అనలిస్టు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే యజమాని 30 రోజుల్లో అప్పీలుకు పోవచ్చు. అప్పుడు అందరి కళ్లూ పడేది సీలు మీద, చీటీ మీద, సంతకం మీద, తేదీ మీద. కూరలో కల్తీ ఉందా లేదా అన్న ప్రశ్న ఆ తర్వాతే.

నీళ్లకూ ఇదే న్యాయం. 2009 మే నెలలో ముషీరాబాద్ దగ్గరి భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్లు తాగి పదిమందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. హైదరాబాద్‌లో చాలా బస్తీలకు నీళ్లు రోజు విడిచి రోజు, కొన్ని గంటలే వస్తాయి. మిగతా సమయంలో పైపు ఖాళీ. పక్కనే మురుగు లైను ఉండి, పైపుకు పగులుంటే ఆ ఖాళీలోకి మురుగు చేరుతుంది. ఇళ్లవాళ్లు నేరుగా నల్లాకు మోటారు బిగిస్తే ఇంకా గట్టిగా లాక్కుంటుంది. అందుకే సప్లై మొదలైన గంట తర్వాత వెళ్లి శుభ్రమైన ధార నుంచి శాంపిల్ పట్టడం వల్ల లాభం తక్కువ, మొదటి బిందె నీళ్లు కూడా చూడాలి. క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి, క్లోరిన్‌ను పరీక్షించే చుక్కమందు వేస్తే నీళ్లు పసుపెక్కాలి. ల్యాబుకు పంపే సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. లేకపోతే దారిలో క్లోరిన్ క్రిములను చంపుతూనే ఉంటుంది, బస్తీలో జనం జబ్బుపడుతుంటే నివేదిక మాత్రం బాగుందంటుంది.

మురుగు కూడా సాక్ష్యమేనని ఉప్పల్ రోడ్డు మీదనే రుజువైంది. 2020లో హబ్సిగూడలోని సీసీఎంబీ, తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని మురుగుశుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తెచ్చి కరోనా వైరస్ ఆనవాళ్లు లెక్కగట్టారు. నగర జనాభాలో దాదాపు 6.6 శాతం మందికి వైరస్ సోకి ఉంటుందని ఆ ఆగస్టులో చెప్పారు. అప్పటికి ఆసుపత్రి లెక్కల్లో కనిపించినవాళ్లు అందులో కొద్దిమందే. మ్యాన్‌హోల్ దగ్గర ముక్కు మూసుకొని పక్కకు పోయే శిక్షణార్థికి ఈ కథ తప్పక చెప్పాలి.

చివరగా వాసన. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల చుట్టుపక్కల కాలనీవాళ్లు రాత్రిపూట ఘాటు వాసన వస్తోందని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. నాచారం పారిశ్రామికవాడలో కాలుష్య నియంత్రణ మండలి గాలి నాణ్యత కేంద్రం ఉంది. అది సన్నని ధూళినీ కొన్ని వాయువులనూ కొలుస్తుంది, వాసనను కొలవదు. చలికాలం రాత్రి గాలి కదలదు, చల్లగాలి నేలను అంటిపెట్టుకొని ఉండి పొగను పైకి పోనివ్వదు. తెల్లారి తనిఖీకి వెళ్తే ఎండకు అంతా చెదిరిపోయి ఉంటుంది, ఫిర్యాదు చేసిన పెద్దాయన అబద్ధమాడినట్టు కనిపిస్తాడు. అలా కాకుండా, ఫోను వచ్చిన రాత్రే బండి తీసి వెళ్లాలి. ఏ వీధి మొదట్లో వాసన మొదలైంది, ఎక్కడ ఆగింది, గాలి ఎటు నుంచి వీస్తోంది, టైము ఎంత, వాసన కుళ్లిన గుడ్డులా ఉందా, గోళ్ల రంగులా ఉందా, నోటుబుక్కులో రాసి పెద్దాయన చేత కింద సంతకం పెట్టించుకోవాలి. మర్నాడు రాత్రి మళ్లీ వెళ్లి, కింది గీత నుంచి మొదలుపెట్టాలి.