కంప్యూటరు జ్ఞాపకశక్తి: కొనునాడే యోచింపవలసిన విషయము

ఏటేటా జూలై, ఆగస్టు మాసములలో శంషాబాదు విమానాశ్రయమునుండి విదేశములకు చదువులకై బయలుదేరు మన పిల్లల సామానులో పచ్చళ్లు, పొడులతోపాటు క్రొత్త ల్యాప్‌టాపు కూడ నుండుట పరిపాటియైనది. దానిని కొనునపుడు కుటుంబమునకు ఒక ప్రశ్న ఎదురగును. అధిక జ్ఞాపకశక్తి గలదానిని తయారీదారునకే ఎక్కువ వెల యిచ్చి కొనవలెనా? లేక తక్కువదానిని కొని, పిదప మనమే చేర్చుకొనవలెనా?

జ్ఞాపకశక్తి యనగా ఇచట ర్యామ్. ఫోటోలను, పుస్తకములను దాచు నిల్వ వేరు. నిల్వ గాదె వంటిది. ర్యామ్ చేట వంటిది. గాదె ఎంత పెద్దదైనను చేటలో పట్టినంతయే ఒక్కమారు చెరుగగలము. ఒకేసారి అనేక పనులు పెట్టినపుడు యంత్రము మందగించుటకు తరచుగా చేట చిన్నదగుటయే కారణము.

ఈ విమానాశ్రయము తెరువబడిన 2008వ సంవత్సరమున చాలవరకు ల్యాప్‌టాపులలో ర్యామ్ పలకను గాడిలో అమర్చెడివారు. చిన్న స్క్రూడ్రైవరుతో అడుగు మూత విప్పి దానిని మార్చుకొన వీలుండెడిది. 2012లో ఆపిల్ సంస్థ రెటీనా తెరగల మ్యాక్‌బుక్ ప్రోలో ఆ చిప్పులను మదర్‌బోర్డునకే టంకముతో అతికించెను. తరువాత ఇతరులును ఆ దారి పట్టిరి. యంత్రము పలుచనగును, బ్యాటరీ ఖర్చు తగ్గును, నిజమే. కాని కొన్ననాటి జ్ఞాపకశక్తియే కడవరకు మిగులును.

అందుచే వెలను నిర్ణయించు అధికారము తయారీదారుని చేతికి పోవును. 2022లో మ్యాక్‌బుక్ ఎయిర్‌నకు అదనముగా 8 జీబీ కోరినవారు మనదేశమున 20,000 రూపాయలు చెల్లింపవలసివచ్చెను. ఆ దినములలో సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల గాడిలో అమర్చు 8 జీబీ పలక అందులో చిన్న భాగమునకే లభించెడిది. రెండును ఒకే రకపువి కావు. అయినను అంతరము చిన్నది కాదు. 2025 చివర, కృత్రిమ మేధ కేంద్రములు చిప్పులను విరివిగా కొనుటచే విడి పలకల ధరలును మిక్కిలి పెరిగినవి. కావున పాత లెక్కను నమ్మక, కొనునాటి రెండు ధరలను పోల్చి చూడవలెను.

గాడియున్నచో పని కష్టము కాదు. డీడీఆర్4 పలక డీడీఆర్5 గాడిలో పట్టదు. యంత్రము ఏ రకమును, ఎన్ని జీబీల వరకు అంగీకరించునో ముందే తెలిసికొనవలెను. యంత్రమును ఆపి, ఛార్జరు తీసి, లోపలి బ్యాటరీ తీగను విడదీయవలెను. చేతిలోని స్థిరవిద్యుత్తు చిప్పులను చెరుపగలదు గనుక ముందుగా లోహమును తాకవలెను. పలకను ఏటవాలుగా చొప్పించి, ఇరువైపుల కొక్కెములు పట్టువరకు మెల్లగా నొక్కవలెను. మన చేతిలో ఏదైన విరిగినచో ఆ నష్టమునకు సాధారణముగా గ్యారంటీ వర్తింపదు. చేయి తిరుగనివారు తెలిసినవారిచే చేయించుకొనుట మేలు.

2022లో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించినది. కొన్న వస్తువును బాగుచేసికొను స్వేచ్ఛ కొన్నవానికి ఉండవలెననునదే ఆ యత్నములోని ఆశయము. అయితే టంకము వేసిన చిప్పును ఇంట మార్చుకొనుట, హక్కు లభించినను, సామాన్యులకు సాధ్యము కాదు.

కావున మేము శ్రోతలకు చెప్పదలచినది ఒక్కటే. అంగడిలో వెల అడుగుటకు ముందు, ర్యామ్ గాడిలో నున్నదా, అతికించినదా యని అడుగవలెను. గాడిలో నున్నచో నేటికి చాలినంత కొని, మిగిలినది అవసరము వచ్చినపుడు చేర్చుకొనవచ్చును. అతికించినదైనచో పిల్లవాని చదువు ముగియువరకు కావలసినదంతయు నేడే లెక్కించి, ఆ వెలను తయారీదారునకే యిచ్చుట తప్పదు.