దశలవారీ నిర్మాణం: మెట్రో మార్గం నుంచి మీ సర్టిఫికెట్ దాకా



ఈనాటి మన పాఠ్యాంశం పేరు కొంచెం బరువుగా వినిపిస్తుంది: ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్. ఒక పెద్ద సంస్థ ఏ పనులు చేయాలి? ఆ పనులకు ఏ సమాచారం కావాలి? ఆ సమాచారాన్ని ఏ కంప్యూటర్ వ్యవస్థలు నడపాలి? ఈ మూడు ప్రశ్నలకు కలిపి ఒకే ప్లాను గీయడాన్నే ఆ పేరుతో పిలుస్తారు. ఇల్లు కట్టే ముందు గీసే ప్లాను వంటిదే ఇది. అయితే పెద్ద సంస్థను ఖాళీ చేయించి, పడగొట్టి, కొత్తగా కట్టలేం. అది రోజూ పని చేస్తూనే మారాలి. కాబట్టి దశలవారీగా వెళ్ళక తప్పదు. ఆ దశలు ఎలా ఉండాలన్నదే ఈ రోజు మన ప్రశ్న.

నేను కోల్‌కతా నుంచి మాట్లాడుతున్నాను. అందుకని ఈ నగరంలో నేల కింద ఉన్న ఉదాహరణతోనే మొదలుపెడతాను.

ఇక్కడ మెట్రో రైలు కోసం 1971లో తయారైన బృహత్ ప్రణాళికలో మొత్తం 97.5 కిలోమీటర్ల పొడవున ఐదు మార్గాలున్నాయి. అన్నీ ఒకేసారి కట్టడం అయ్యే పని కాదు. అందువల్ల ముందుగా డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ వరకు సుమారు 16.5 కిలోమీటర్ల మార్గాన్ని ఎంచుకున్నారు. 1972 డిసెంబర్ 29న శంకుస్థాపన జరిగింది. 1984 అక్టోబర్ 24న ఎస్ప్లనేడ్, భవానీపూర్ మధ్య 3.4 కిలోమీటర్ల దూరం మన దేశంలో మొట్టమొదటి మెట్రో రైలు నడిచింది. మరుసటి నెలలోనే ఉత్తరాన డమ్‌డమ్, బెల్గాచియా మధ్య మరో చిన్న ముక్క మొదలైంది.

ఇప్పుడు జాగ్రత్తగా గమనించండి. మొదటి ముక్క నగరం నడిబొడ్డున ఉంది. ఆఫీసులకు, బజారుకు వెళ్ళేవారికి అది పనికొచ్చింది. రెండో ముక్క విడిగా ఉండిపోయింది. ఆ రైలెక్కి రెండు కిలోమీటర్లు పోయి దిగినా, మళ్ళీ బస్సు పట్టుకోవలసిందే. ప్రయాణికులు రాక 1992లో ఆ ముక్కమీద రైళ్ళు ఆపేశారు. 1994లో శ్యామ్‌బజార్ వరకు పొడిగించాక మళ్ళీ నడిచాయి. 1995లో మార్గమంతా ఒకటైంది.

రెండు ముక్కలూ ఒకే ప్లానులోవే. తేడా ఎక్కడుంది? ఒకటి పూర్తయిన రోజు నుంచే ప్రజల అవసరం తీర్చింది. రెండోది మిగతా పని పూర్తయ్యేదాకా ఎదురుచూడవలసి వచ్చింది. ఈ పాఠంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకోవాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి: ప్రతి దశా మొత్తం ప్లానులో ఇమడాలి, అదే సమయంలో తనంతట తానుగా కూడా ఉపయోగపడాలి.

ఇక పద్ధతికి వద్దాం. కంప్యూటర్ వ్యవస్థల ప్రణాళికకు ప్రపంచంలో చాలామంది వాడే చట్రం పేరు టోగాఫ్. ది ఓపెన్ గ్రూప్ అనే సంస్థ దీన్ని 1995లో వెలువరించింది. దీని పదవ కూర్పు 2022లో వచ్చింది. ఇందులోని దశల పద్ధతిని ఆర్కిటెక్చర్ డెవలప్‌మెంట్ మెథడ్ అంటారు, పొట్టిగా ఏడీఎం.

పేర్లు బట్టీ పట్టనక్కరలేదు. మీకు తెలిసిన పనితో చూద్దాం. స్కాలర్‌షిప్ దరఖాస్తు తీసుకోండి. ఆదాయ ధ్రువపత్రం ఒక ఆఫీసులో, కుల ధ్రువపత్రం మరోచోట, మార్కుల జాబితా బోర్డు దగ్గర, ఖాతా బ్యాంకులో. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి ఒక కాగితంలో ఇంటిపేరు ముందు వచ్చింది, మరోదానిలో చివర వచ్చింది. ఇంకోదానిలో ఒక అక్షరం తేడా. ముగ్గురూ ఒకే మనిషని నిరూపించుకునే సరికి గడువు దాటిపోయింది. ఆ ఏడాది ఫీజు వాళ్ళ నాన్న అప్పు తెచ్చి కట్టాడు. తప్పు ఏ ఒక్క గుమాస్తాదీ కాదు. ఎవరి కంప్యూటర్ వారిది. వాటి మధ్య తిరిగే తీగ ఆ అమ్మాయి కాళ్ళే.

ఏడీఎం ప్రకారం దీన్ని ఎలా సరిచేస్తాం? ముందు సన్నాహక దశ: ఎవరు నిర్ణయిస్తారు, ఏ నియమాలు పాటిస్తారు అన్నది తేల్చుకోవాలి. తర్వాతి దశలను ఎ నుంచి హెచ్ వరకు ఎనిమిది అక్షరాలతో గుర్తిస్తారు.

ఎ, లక్ష్యం: విద్యార్థి ఒకే చోట ఒక్కసారి దరఖాస్తు చేస్తే చాలాలి. బి, పని తీరు: ఎవరు పరిశీలిస్తారు, ఎన్ని రోజుల్లో చేస్తారు, పొరపాటు వస్తే ఎవరు దిద్దుతారు. సి, సమాచారం, దాన్ని వాడే అప్లికేషన్లు: పేరును అన్నిచోట్లా ఏ క్రమంలో రాయాలి, ఏ ప్రోగ్రాం దేనితో మాట్లాడాలి. డి, సాంకేతికత: సర్వర్లు, నెట్‌వర్కు, భద్రత. ఇ, ఇప్పుడున్న స్థితికి, కావలసిన స్థితికి మధ్య తేడాలు చూసి పనులుగా విడగొట్టడం. ఎఫ్, ఏది ముందు ఏది వెనుక అన్న వరుస. జి, కట్టేవారు ప్లాను ప్రకారమే కడుతున్నారా అన్న పర్యవేక్షణ. హెచ్, పరిస్థితులు మారినప్పుడు ప్లానును మార్చుకోవడం.

ఇందులో రెండు విషయాలు గమనించండి. మొదటిది, యంత్రాలు కొనే మాట నాలుగో అక్షరం దగ్గర గాని రాలేదు. ఆచరణలో చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది. పని ఏమిటో తేలకముందే కంప్యూటర్లు కొంటారు, యాప్‌కు పేరు కూడా పెడతారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! రెండవది, ఈ దశలను మెట్ల లాగా కాక చక్రం లాగా గీస్తారు. హెచ్ తర్వాత మళ్ళీ ఎ వస్తుంది. చక్రం నడుమ ఇరుసులా ఉండేది ప్రజల అవసరాలు. ప్రతి దశలోనూ వాటిని సరిచూసుకోవాలి.

మన తెలుగునాట ఈ కథ ఎలా నడిచిందో చూడండి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ అనే కంప్యూటర్ వ్యవస్థను తెచ్చింది. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. కరెంటు, నీటి బిల్లులు ఒకే కౌంటరులో కట్టే వీలు కలిగింది. 2011లో మీసేవ మొదలై ధ్రువపత్రాలు దగ్గరి కేంద్రంలోనే దొరికాయి. ఇవి ఒక్కొక్కటీ తనంతట తానుగా ఉపయోగపడిన దశలు. కానీ కౌంటరు ఒకటైనా, వెనుక రికార్డులు ఏ శాఖవి ఆ శాఖ దగ్గరే ఉండిపోయాయి.

2014లో రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రగతి పేరుతో ఆ వెనుక భాగానికే ప్లాను గీసే ప్రయత్నం చేసింది. ముప్పైకి పైగా శాఖలను, వాటి కింది వందలాది సంస్థలను కలిపి ఒకే ఆర్కిటెక్చర్‌గా చూడాలన్నది ఆలోచన. ఆధారంగా తీసుకున్నది టోగాఫ్ పద్ధతినే. మనుషుల వివరాలకు పీపుల్ హబ్, భూముల వివరాలకు ల్యాండ్ హబ్ అని ఉమ్మడి నిధులను అందులో రూపొందించారు. 2018లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ దేశం మొత్తానికి ఇండియా పేరుతోనే ఇలాంటి చట్రాన్ని వెలువరించింది.

మరి అన్నీ ఒకే చోట ఉంటే చిక్కులు తీరినట్లేనా? కాదు. ఒక అక్షరం తప్పు పడితే అది అన్ని శాఖలకూ పాకుతుంది. ఎవరు పడితే వారు చూడగలిగితే మన వివరాలు బజారున పడతాయి. అందుకే పొరపాటు దిద్దే దారినీ, ఎవరు ఏది చూడవచ్చన్న నియమాన్నీ బి, సి దశల్లోనే రాసుకోవాలి. 2023లో మన దేశంలో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు ప్రత్యేక చట్టం కూడా వచ్చింది.

చివరగా మళ్ళీ కోల్‌కతాకు వద్దాం. ఇక్కడి తూర్పు-పడమర మెట్రో మార్గం పని సాగుతుండగా 2019 ఆగస్టు 31న బౌబజార్ వద్ద సొరంగం తవ్వే యంత్రం భూగర్భ జలపొరను తాకింది. పైన ఇళ్ళు బీటలు వారాయి, కొన్ని కూలాయి. ఎన్నో కుటుంబాలు కట్టుబట్టలతో బయటికి రావలసి వచ్చింది. మధ్య భాగం ఆగిపోయింది. అప్పుడేం చేశారు? వరుస మార్చారు. తూర్పు భాగం 2020లో మొదలైంది. హుగ్లీ నది కింద నుంచి వెళ్ళే హౌరా మైదాన్ - ఎస్ప్లనేడ్ భాగం 2024 మార్చిలో తెరిచారు. అది విడి ముక్కే అయినా పనికొచ్చింది, ఎందుకంటే ఒకవైపు హౌరా రైల్వే స్టేషనుకు, మరోవైపు పాత మెట్రోకు అది ముడిపడి ఉంది. మధ్య భాగం 2025 ఆగస్టులో పూర్తయింది. పాత మార్గం బ్రాడ్‌గేజ్, కొత్తది స్టాండర్డ్ గేజ్. ఒకదాని రైలు రెండోదాని మీద నడవదు. ఒకనాటి సాంకేతిక నిర్ణయం ఎంతకాలం వెంటాడుతుందో దీనివల్ల తెలుస్తుంది. అయినా ఎస్ప్లనేడ్‌లో ప్రయాణికుడు మారగలుగుతున్నాడు. యంత్రాలు కలవని చోట మనిషికైనా దారి ఉంచడం మంచి ప్రణాళిక లక్షణం.

మీకొక చిన్న అభ్యాసం. మీ కాలేజీ లైబ్రరీనో, హాస్టల్ మెస్సునో తీసుకోండి. ఎ నుంచి హెచ్ వరకు ఒక్కొక్క వాక్యం రాయండి. తర్వాత ప్రతి దశ దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: పని ఇక్కడితో ఆగిపోతే, వరుసలో నిలబడ్డ మనిషికి ఈ పాటికి ఏమైనా మేలు జరిగిందా? అవునని చెప్పగలిగితే మీ ప్లాను సరైన దారిలో ఉన్నట్లే.