నిండు సభలో పట్టిన పాట



పుస్తకముల పండుగనాడు పాటను గూర్చి, అందునను సముద్రముల కావలనున్న అర్జెంటీనా దేశపు పాటను గూర్చి, మాటాడుట యేల యని మీలో కొందరికి తోచవచ్చును. 1980లో ఆ దేశపు సైనిక ప్రభుత్వము ఒక్క ప్రచురణ సంస్థకు చెందిన సుమారు 15 లక్షల పుస్తకములను బయలున కుప్పవోసి కాల్పించెను. సామాన్యుల కందవలెనని చౌక వెలకు అచ్చొత్తించిన పుస్తకములవి. మన బీరువాలలోని పుస్తకములను ఒక్కొక్కటిగా లెక్కించి చూచినవారికి ఆ సంఖ్య యెంతటిదో తెలియును. నేను చెప్పబోవు పాట ఆ మంటల కాలమునాటిది.

దాని పేరు ‘సోలో లే పిదో ఆ దియోస్’. స్పానిష్ భాషలో ‘దేవుని నేను వేడునది యిదొక్కటే’ యని యర్థము. రచించి బాణి కట్టినవాడు లియోన్ హియెకో. 1951లో సాంతా ఫే రాష్ట్రమున ఒక చిన్న యూర పుట్టినవాడు. గిటారు మీటుచు, నడుమ నడుమ హార్మోనికా నూదుచు పాడును. రాక్ సంగీతమును జానపద ఫణితిని కలిపిన గాయకుడు. 1978లో పొరుగు దేశమైన చిలీతో యుద్ధము వచ్చునేమో యన్న భయము నడుమ ఈ పాట పుట్టినది. ఆ యేటనే రికార్డుగా వెలువడినది. ఇందలి భక్తుడు ధనము నడుగడు, మోక్షము నడుగడు. పరుల బాధకును, అన్యాయమునకును, యుద్ధమునకును తన మనస్సు మొద్దువారకుండవలెనని మాత్రమే యడుగును. మన శతకకారులు దేవుని వేడిరి, నిలదీసిరి, నిందించిరి కూడ. ఈ కోరిక మాత్రము నాకు క్రొత్తగా తోచినది.

అట్టి కోరిక అక్కడ యేల కలిగినదో చెప్పవలెను. 1976 మార్చి 24న సైన్యము అధికారమును చేజిక్కించుకొనెను. ఇంటినుండి గొనిపోబడినవారు మరల తిరిగి రాకుండిరి. 1984 నాటి విచారణ సంఘము అట్టివారిని 8,961 మందిగా లెక్కించెను. 30,000 మంది యని మానవ హక్కుల సంఘములవారు చెప్పుదురు. పొరుగింటివానిని గూర్చి అడుగకుండుటయే క్షేమమని జనులు నేర్చుకొనిన కాలమది.

తుకుమాన్‌లో 1935లో జన్మించిన మెర్సెదెస్ సోసా యను జానపద గాయని అప్పటికే ప్రసిద్ధురాలు. 1979లో లా ప్లాతా నగరమున పాడుచుండగా ఆమెను వేదికపైననే పట్టుకొనిరి. వినవచ్చినవారినికూడ నిర్బంధించిరి! పిమ్మట ఆమె పారిస్, మాడ్రిడ్ నగరములలో ప్రవాస జీవితము గడపెను. సైనిక ప్రభుత్వ మింకను ఉండగనే 1982 ఫిబ్రవరిలో తిరిగివచ్చి, బ్యూనస్ ఎయిర్స్‌లోని ఓపెరా నాటకశాలలో వరుసగా కచేరీలు చేసెను. జానపదము వినువారొకరు, రాక్ వినువారొకరుగా ఉండిన ఆ దేశమున, ఆమె తన వేదికపైకి హియెకోను, చార్లీ గార్సియాను పిలిచెను. హియెకోతో కలిసి ఆమె పాడిన ఈ పాట ఆ యేడు వెలువడిన రెండు రికార్డుల సంపుటములో చేరినది.

1978 నాటి రికార్డు చెడ్డదని నేననను, శుభ్రముగనే యున్నది. కాని నాటకశాలలో పట్టినదే వినదగినదని నా యభిప్రాయము. సోసా గొంతు లోతైనది, నిండు కుండవంటిది. దాని ప్రక్కన హియెకో గొంతు సన్నని పిల్లకాలువ. మొదటి రికార్డులో ఒక్కడు వేడుకొనుచున్నాడు. రెండవదానిలో మూడేండ్లు ఊరు విడిచిన ఆమెయు, ఊరు విడువక మౌనముగా నుండిన జనులును ఒక్క కప్పు క్రింద నున్నారు. చప్పట్లనుకూడ చెరపక ఉంచిరి. అవి లేకున్న పాటలో సగము పోయెడిది.

ఇంతలో ఏప్రిల్ 2న మాల్వినాస్ దీవులకై ఇంగ్లండుతో యుద్ధము వచ్చినది. ఆంగ్ల గీతములు రేడియోలలో వినబడుట మానినవి. ఆ ఖాళీలో స్వభాషలోని రాక్ పాటలకు చోటు దొరకినది. మే 16న రాజధానిలో జరిగిన పెద్ద సంగీతసభకు ప్రవేశ రుసుముగా చలిబట్టలు, తిండి పదార్థములు పుచ్చుకొనిరి. అవి సైనికుల కొఱకు. అక్కడ హియెకో ఈ పాటనే పాడెను. యుద్ధమును రాక్షసిగా చూపు పాట, యుద్ధము నడచుచుండగా, యుద్ధమునకు పోయిన పిల్లల కొఱకు కంబళ్లు కూర్చు సభలో! ప్రభుత్వమువారు దానినెట్లు సహించిరో గాని, విన్నవారిలో ఎందరికో సోదరులు, కొడుకులు ఆ మంచు గాలిలో నుండిరి. జూన్ 14న యుద్ధము ముగియునప్పటికి అర్జెంటీనా పక్షమున 649 మందియు, ఇంగ్లండు పక్షమున 255 మందియు మరణించిరి. అర్జెంటీనావారిలో అనేకులు పందొమ్మిది, ఇరువది యేండ్ల నిర్బంధ సైనికులు.

1983 డిసెంబరు 10న ఎన్నికైన ప్రభుత్వము వచ్చినది. సోసా 2009 అక్టోబరు 4న కన్నుమూయగా, ఆమె దేహమును పార్లమెంటు భవనమున ఉంచిరి. జనులు బారులు తీరి చూచిపోయిరి.

ఇప్పుడు ఆ నాటకశాలలో పట్టిన పాటను మీకు వినిపించెదను. భాష తెలియదని లేచిపోవలదు. ముందుగా హార్మోనికాను, పిమ్మట ఆమె గొంతును, చివర చప్పట్లను వినుడు.