పసిబిడ్డ కడుపునొప్పి: ఉగ్గు, వస, వాము నీళ్ళు



పొద్దుగూకేసరికి బిడ్డ కాళ్ళు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంటే ఇంట్లో ఎవరికీ కాలు నిలవదు. పెద్దవాళ్ళు వెంటనే ఉగ్గుగిన్నె తీస్తారు. చనుబాలలో ఆముదం రంగరించి పోస్తారు. వసకొమ్ము కాల్చి, సానమీద అరగదీసి నాలుకకు రాస్తారు. లేదంటే వాము నీళ్ళు పడతారు. ప్రేమతో చేసే పనులే ఇవన్నీ. అయినా ఆరు నెలలు నిండని బిడ్డ నోట్లో తల్లిపాలు, డాక్టరు రాసిన మందు తప్ప మరేదీ వేయవద్దని గట్టిగా చెబుతున్నాము.

గలగలా మాట్లాడే పిల్లను ‘వసపిట్ట’ అంటాం కదా, వస మీద మనకు అంత నమ్మకం! కాని వసలో బీటా ఆసరోన్ అనే హానికరమైన పదార్థం ఉంది. అమెరికాలో 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. సానమీద ఎంత అరిగిందో, నాలుక మీదికి ఎంత పోయిందో ఎవరూ కొలవలేరు. ఎక్కువైతే వాంతులు పట్టుకుంటాయి. ఆముదం విరేచనాలు చేయిస్తుంది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోవడానికి ఎంతోసేపు పట్టదు. పైగా ఏడుస్తున్న బిడ్డకు పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాకించకూడదు.

ఈ సాయంత్రపు ఏడుపు రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారానికి బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. వస రాసిన ఇంట్లోనూ తగ్గుతుంది, రాయని ఇంట్లోనూ తగ్గుతుంది. పేరు మాత్రం వసకు వస్తుంది.

పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. గోరువెచ్చని నూనెతో పొట్ట మీద మెల్లగా గుండ్రంగా రాయవచ్చు. వెచ్చచేసిన తమలపాకు వేసే అలవాటుంటే ముందు మీ మణికట్టుకు ఆనించి చూసుకోండి. బొడ్డు ఊడని బిడ్డకు బొడ్డు మీద ఏదీ పెట్టవద్దు. వాము బాలింత అన్నంలో కలుపుకుని తింటే మాకు అభ్యంతరం లేదు.

అయితే ఆకుపచ్చని వాంతి, మలంలో నెత్తురు, గట్టిగా ఉబ్బిన పొట్ట, జ్వరం, పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది మామూలు కడుపునొప్పి కాదు. పేగు మెలిపడినా ఇలాగే మొదలవుతుంది, అప్పుడు గంటలు కూడా లెక్కే. తెల్లవారేదాకా ఆగకండి. ఇంట్లో ఏమి పోశారో దాచకుండా చెప్పండి, ఎవరూ కోప్పడరు. ఆ కొమ్మునో, సీసానో కూడా వెంట తీసుకురండి.