టీకతోడి కన్యాశుల్కము: ఎట్టి ప్రతిని కొనవలయును?



కన్యాశుల్క నాటకమును మొదటినుండి తుదివఱకు చదివినవారు మనలో కొందఱే యుండవచ్చును గాని, గిరీశము పేరు విననివారు మిక్కిలి యరుదు. ఆ నాటకమును గ్రామ గ్రంథాలయమునకు గొనదలచి పుస్తకముల యంగడికి బోయినవారికి మొదటనే యొక చిక్కు కలుగును. ఒకే పేరు గల ప్రతులు అనేకములు కనబడును. వెలలు వేఱు, పుటల సంఖ్య వేఱు. కొన్నిటిలో మూలము మాత్రమే యుండును. కొన్నిటిలో టిప్పణము లుండును. కొన్నిటిని రంగస్థలము కొఱకు కుదించి యుందురు. గ్రంథకర్తయగు గురజాడ అప్పారావుగారు 1862లో జనించి 1915లో దివంగతులైరి. వారి రచనలపై గ్రంథస్వామ్యపు గడువు ఏనాడో తీరినది గావున ఎవరైనను అచ్చు వేసికొనవచ్చును. ఇందువలన పుస్తకము చౌకగా దొరకుచున్నది. శ్రద్ధలేని ప్రతులును ప్రబలినవి. వీనిలో మనకు దగినదానిని ఎట్లు గుర్తింపవలయునో నేడు మీకు మనవి చేసెదను.

తెలుగు నాటకమే గదా, తెలుగువారికి టీక యేల యని మీరడుగవచ్చును. మాది నారాయణపేట. కన్నడదేశపు సరిహద్దున నున్న నేతగాండ్ర ఊరు. మగ్గముల సందడి నడుమ తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును ఇచట వినబడును. 1948 సెప్టెంబరు వఱకు ఈ ప్రాంతము నిజాము ప్రభుత్వము క్రింద నుండెను. కన్యాశుల్కమన్ననో, మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణ మండలమున, విజయనగరమునందును దాని చుట్టుపట్ల అగ్రహారములయందును నడచిన కథ. అందలి పాత్రలు ఆ సీమ మాటలనే పలుకుదురు. గిరీశము మాటకొక ఇంగ్లీషు ముక్కను చొప్పించును. అసిరిగాడు పాలేళ్ల భాష మాటలాడును. అవధానులు కోపము వచ్చినప్పుడొక తీరున, ఆశ పుట్టినప్పుడొక తీరున పలుకును. ఈ భేదములన్నియు తెలిసినగాని నవ్వు రాదు. నవ్వు రానిచో అది ప్రహసనమే కాదు.

ఒక చిన్న యుదాహరణము. ఆ నాటకమున పూటకూళ్లమ్మ యను పాత్ర కలదు. పూటకూళ్లన్నచో వెల గొని పూటపూటకు అన్నము పెట్టు ఇల్లు. హోటళ్లు మాత్రమే ఎఱిగిన నేటి బాలునికి ఈ మాట తెలియదు. మఱియొకటి: కథలో నొక కంటె వచ్చును. అది మెడకు దొడిగెడి గట్టి నగ. కథ యంతయు చాలవఱకు ఆ నగ చుట్టును తిరుగును. ఈ మాట నెఱుగనివాడు దానిని ‘దీనికంటె, దానికంటె’ యను ప్రత్యయముగా దలచి వాక్యము పొసగక తికమక పడును. ఇట్టివి మేము గ్రంథాలయములో బిగ్గఱగా చదువుకొనునప్పుడు పదుల కొలది ఎదురైనవి.

అయితే ఇందొక విశేషము గలదు. వకీలు, దావా, దస్తావేజు, జామీను మొదలగు కచేరీ మాటలు మా పెద్దలకు పుట్టినింటి మాటలు. ఉర్దూలో రాజ్యము నడచిన సీమ గదా. కావున వకీలు శబ్దమునకు మూడు పంక్తుల టీక వ్రాసి, పూటకూళ్లను విడిచిపెట్టిన ప్రతి మాకు పనికిరాదు. టీక యెవరికొఱకు వ్రాయబడినదో మొదట చూడవలయును. పుస్తకము నడుమ ఏదైన నొక పుట తెఱచి, మీకు తెలియని మాటలు నాలుగు గుర్తించుడు. అందు మూడింటికైనను అర్థము దొరకినచో ఆ ప్రతి మీకొఱకు తయారైనది. మీకు తెలిసిన మాటలకే అర్థములుండినచో దానిని అచ్చటనే యుంచి రండు.

ఇక రెండవ సంగతి. కన్యాశుల్కములు నిజమునకు రెండు. నాటకము 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారిచే మొదట ప్రదర్శింపబడెను. 1897లో అచ్చయినది. దానిని ఆనంద గజపతి మహారాజునకు అంకితమొసగిరి. పిదప గ్రంథకర్త దానిని మఱల వ్రాసి, మిక్కిలి పెంచి, 1909లో రెండవ కూర్పుగా ప్రకటించిరి. మొదటిది అయిదంకములది, రెండవది ఏడంకములది. మొదటి దానిలో కొలదిగా నున్న మధురవాణి పాత్ర రెండవ దానిలో కథకే ఆయువుపట్టు అయినది. నేడు జనులు కన్యాశుల్కమని మెచ్చుకొనునది ఈ రెండవ కూర్పునే. మొదటి కూర్పు చాలకాలము దొరకకుండగా, బంగోరె యను పేర ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు దానిని 1969లో మరల వెలువరించిరి. పరిశోధకులకు రెండును కావలయును. గ్రామ గ్రంథాలయమునకు 1909 పాఠము చాలును. కాని తాను ముద్రించునది ఏ పాఠమో పీఠికలో చెప్పని ప్రకాశకుని నమ్మరాదు. ఏడంకములును పూర్తిగా నున్నవో లేదో యెంచి చూడుడు. సంపూర్ణ నాటకము ఒక్క రాత్రిలో ఆడి ముగించునది కాదు గనుక రంగస్థలమువారు కుదించుకొందురు. అది వారి యవసరము. చదువరికి కుదించిన ప్రతి నష్టము.

గ్రంథకర్త రెండు కూర్పులకును పీఠికలను ఇంగ్లీషులో వ్రాసిరి. వానిని తెనిగించి చేర్చిన ప్రతియే మనకు కావలయును. ఏలయనగా మొదటి పీఠికలో నొక లెక్క గలదు. విశాఖ మండలమున మూడేండ్లలో శుల్కము గొని చేసిన బ్రాహ్మణ వివాహముల పట్టిక యది. లెక్కకు వచ్చినవి 1034. పెండ్లికూతుండ్రలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఒక యేటి పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల తలకు 350 మొదలు 400 రూపాయల వఱకు. ఈ పట్టికను చదివిన పిదప నాటకము చదివినచో, మనము నవ్వుచున్నది దేనిని జూచియో తెలియును. పట్టిక లేని ప్రతిలో లుబ్ధావధానులు వట్టి హాస్యగాడు. పట్టిక గల ప్రతిలో వేయింటిలో నొకడు.

టీక మంచిచెడ్డలను నిర్ణయించుటకు మన పూర్వులు ఒక కొలబద్ద నిచ్చిరి. వ్యాఖ్యానమునకు లక్షణము లయిదు: పదచ్ఛేదము, పదార్థోక్తి, విగ్రహము, వాక్యయోజన, ఆక్షేప సమాధానము. బాల్యమున గురువుగారి సన్నిధిని రఘువంశము చదువునప్పుడు ఈ అయిదింటిని నేర్చుకొంటిని. సంస్కృత కావ్యములకేర్పడిన ఈ నియమము వాడుకభాషలోని నాటకమునకును చక్కగా సరిపడును. కలిపి పలికిన మాటలను విడదీసి చూపుట పదచ్ఛేదము. ఆ సీమ మాటకు అర్థము చెప్పుట పదార్థోక్తి. గిరీశము తెలుగును ఇంగ్లీషును అతికించి చేసిన సమాసములను విప్పుట విగ్రహము. ఎవరు ఎవరితో, ఎవరు వినకుండ, ఏ యెత్తుపొడుపుతో పలికిరో తెలుపుట వాక్యయోజన. నాటకమున ఇది మిక్కిలి ముఖ్యము. వివాదాస్పదములకు ఇరుప్రక్కల మాటయు చెప్పుట ఆక్షేప సమాధానము. నాలుగును చేసి అయిదవది మానిన టీకలే ఎక్కువ.

వ్యాఖ్యాతలలో అగ్రగణ్యుడగు మల్లినాథసూరి మన తెలంగాణమువాడే. మెదకు సీమలోని కొలిచెలమ వారి స్థలము. మూలమున లేనిదానిని వ్రాయననియు, అవసరము లేనిదానిని చెప్పననియు ఆయన ప్రతిజ్ఞ. నేటి టీకాకారులలో కొందఱు ఈ రెండవదానిని మఱతురు. ఒక్క మాటకు అర్థము చెప్పుటకు తమ పాండిత్యమంతయు పుటలో గుమ్మరింతురు. మా ఊరి చీరకు అంచు వెడల్పుగా నుండును, అందమును అదియే. కాని అంచు ఎంత గొప్పదైనను చీర కడుపును మ్రింగివేయదు. టిప్పణము పుట అడుగున నుండి మూలమును నిలుపవలయును గాని పైకెక్కి కూర్చుండరాదు.

పండిత సంప్రదాయము తెలిసిన టీకాకారుడు పేర్లలోని చమత్కారమును గూడ చూపును. కరటకశాస్త్రి పేరు వినగానే పంచతంత్రములోని కరటకుడను నక్క స్ఫురింపవలయును. ఆ శాస్త్రియే తన మేనకోడలిని ముసలివాని పాలు గాకుండ కాపాడుటకు, శిష్యునికి ఆడువేషము వేసి లుబ్ధావధానులకు పెండ్లి చేయించును. పేరులోనే పన్నాగమున్నది. ఈ సూచన నిచ్చు ప్రతి మంచి ప్రతి.

ఇక పెద్దలు చేయు ఆక్షేపణలు రెండున్నవి. మొదటిది: సానిపాత్ర గల నాటకమును పిల్లల కందుబాటులో నుంచవచ్చునా? మృచ్ఛకటికమున వసంతసేన యెవరు? గణికయే గదా. ఆమె ఔదార్యమును మన పూర్వులు శతాబ్దముల తరబడి చదివిరి, ఆడిరి. మధురవాణి వలన ఎవరును చెడలేదు. ఆమె పూనికతోనే ఒక బాలిక ముసలిమగని బారినుండి తప్పినది. కొన్ని ప్రతులలో ఆమె మాటలను మర్యాద పేరిట తొలగింతురు. తొలగించిన చోట గుర్తయినను పెట్టరు. అట్టి ప్రతి అన్నిటికంటె చెడ్డది. తెలియనిదానిని అడిగి తెలిసికొనవచ్చును. లేనిదానిని అడుగుటయు తోచదు.

రెండవ ఆక్షేపణ నన్ను గూర్చినది. వేదశాస్త్రములు చదివిన కుటుంబమున బుట్టి, అవధానులను పరిహసించు గ్రంథమును ఎట్లు మెచ్చెదరని బంధువులడిగిరి. వ్రాసినవారును ఆ కులమువారే. తన యింటి దుమ్మును తాను తుడుచుకొనువానికి ఇంటిమీద ప్రేమ లేదందుమా?

ఈ నాటకము ఎందుకు మన గ్రామములలో నుండవలయునో ఒక సంగతి చెప్పెదను. నేను ఉపాధ్యాయుడుగా నున్నప్పుడు ఎనిమిదవ తరగతివారికి ఈ కథ చెప్పుచుండగా ఒక బాలిక లేచి, “సారూ, ఆడపిల్లకు కట్నం మనమే ఇయ్యాలె గదా, ఈ కథల తండ్రికే పైసలు వచ్చుడేంది?” అని అడిగినది. ఆ ప్రశ్న సరియైనది. నేటివారు వరకట్నము నెఱుగుదురు, కన్యాశుల్కము నెఱుగరు. ఆ దినములలో పిల్లను గన్నవాడు వెల గొనెడివాడు. తరువాతి కాలమున పిల్లను గన్నవాడు వెల యిచ్చుట ప్రబలినది. సొమ్ము నడచు దిక్కు మాఱినది గాని, బేరము మాఱలేదు. బేరమునకు నిలిచిన పిల్ల నోరెత్తకుండుటయు మాఱలేదు. ఈ మాటనే తరగతిలో చెప్పితిని. ఆ బాలిక తెలివిగలది. వేసవి సెలవులు ముగిసి బడి తెఱచిన నాడు హాజరుపట్టికలో ఆమె పేరు పిలిచితిని. పలుకలేదు. పెండ్లి యైనదని తోడి పిల్లలు చెప్పిరి.

బాల్యవివాహమును నిరోధించు చట్టము 1929లో బ్రిటిషు ఇండియాలో వచ్చినది. కట్నమును నిషేధించు చట్టము 1961లో వచ్చినది. 2006 చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయరాదు. చట్టములు గ్రంథములందున్నవి. పెండ్లిపీటల దగ్గఱ కూర్చుండువారము మనము, పెద్దలము. ముహూర్తము పెట్టువాడును, పదిమందిలో పెద్దమనిషిగా నిలిచి అక్షతలు వేయువాడును ఒక్కసారి వలదన్నచో ఆ పెండ్లి ఆగును. నాటకములో అగ్నిహోత్రావధానులను ఆపు పెద్దమనిషి ఊరిలో నొక్కడును లేడు. ఆపుటకు మాఱువేషములు వేయవలసివచ్చినది. మన ఊళ్లలో వేషములు వేయువఱకు రానీయకుడు. కావుననే కన్యాశుల్కము సంగతిని, వరకట్నపు సంగతిని, 1856 నాటి వితంతు వివాహ చట్టమును, 1881 డిసెంబరులో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున జరిపిన మొదటి వితంతు వివాహమును వివరించు పీఠిక గల ప్రతిని ఎన్నుకొనుడని కోరుచున్నాను. బుచ్చమ్మ బాలవితంతువు. ఆమె కథ ఈ చరిత్ర తెలియనివానికి సగమే అందును.

కొనునప్పుడు మఱికొన్ని చూడవలయును. అక్షరములు పెద్దవై యుండవలయును; సాయంకాలపు దీపము క్రింద అద్దములు పెట్టుకొని చదువువారము మనమే గదా. టిప్పణములు గ్రంథాంతమున గాక ఆ పుట అడుగుననే యున్నచో బిగ్గఱగా చదువువానికి సుకరము. కుట్టు గట్టిగా నుండవలయును. రెండు చౌక ప్రతులకంటె టీకతోడి సంపూర్ణ ప్రతి యొక్కటి మేలు. దూరదేశములందు పెరిగి తెలుగు చదువలేని మనుమలకు, వెల్చేరు నారాయణరావుగారు చేసిన ఇంగ్లీషు అనువాదము 2007లో వెలువడినది, దానిని చూపవచ్చును.

కొని తెచ్చిన పిదప బీరువాలో బిగింపకుడు. వారమున కొకనాడు ఒక రంగము చొప్పున చదివింపుడు. గిరీశము మాటలను ఇంగ్లీషు నేర్చిన యువకునిచేతను, అవధానుల మాటలను పెద్దవారిచేతను పలికింపుడు. ప్రక్కనొక నోటుపుస్తకమునుంచి, టీకలో లేని మాటలను వ్రాయించి, మన సీమలో దానికి సరియైన మాటను ఎదుట వ్రాయింపుడు. ఏడంకములు ముగియునప్పటికి మీ ఊరికి తగిన టీక మీ చేతనే తయారగును. ఆ చదువునకు బాలికలను తప్పక పిలువుడు. వారు ప్రశ్న లడిగినచో విసుగుకొనక సమాధానము చెప్పుడు.